పీవీ తలుపు తట్టిన యూదు సంస్థ

యూదు సంఘాలు ఏ ప్రభుత్వం చేతనైనా ఏ పనైనా చేయిస్తాయని మన నాందేడ్ మిత్రులు కొందరు అంటుంటారు. మన తెలుగు ప్రధాని పీవీ గారి విషయంలో జరిగింది చూడండి.

భారత్ 1950 సెప్టెంబర్ 17నే ఇజ్రాయెల్‌ను గుర్తించింది. బొంబాయిలో వాళ్ల కాన్సులేట్ కూడా ఉండేది. రాయబారులు మాత్రం లేరు. అలాగే నలభై ఏళ్లు గడిచాయి. 1991 నవంబర్‌లో ప్రపంచ యూదు కాంగ్రెస్ నాయకుడు, ఆస్ట్రేలియాకు చెందిన ఇజీ లీబ్లర్ ఢిల్లీ వచ్చి పీవీని కలిశారు, పూర్తి దౌత్య సంబంధాలు కోరారు. ఇందులో కుట్రేమీ లేదు, మన సంఘం కలెక్టర్‌కు వినతిపత్రం ఇచ్చినట్టే.

డిసెంబర్ 16న, జియోనిజాన్ని జాతివివక్షగా ప్రకటించిన 1975 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానాన్ని రద్దు చేయడానికి భారత్ ఓటేసింది. ఆనాడు అదే తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది కూడా మనమే! జనవరిలో అరాఫత్ ఢిల్లీ వచ్చి వెళ్లాక, 1992 జనవరి 29న సంబంధాల ప్రకటన వెలువడింది. అప్పటి హోంమంత్రి మన నాందేడ్ నేత శంకర్‌రావు చవాన్ గారే.

అడిగినవాళ్లు అడిగారు. కానీ ఆ నెలల్లోనే సోవియట్ యూనియన్ కూలిపోయింది, మాడ్రిడ్‌లో అరబ్బులు ఇజ్రాయెల్‌తో చర్చలకు కూర్చున్నారు, మన విదేశీ మారకం అడుగంటి ఉంది. పీవీని కదిలించింది ఇవేనని నా లెక్క. పాలస్తీనా రాయబార కార్యాలయం ఢిల్లీలో యథాప్రకారం కొనసాగింది.