కంచ నేర్పిన చదువు



ఈ వేళ ఎరువుల సంగతి గాని, చీడపీడల సంగతి గాని చెప్పబోవడం లేదు. కంచ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. కంచ అంటే మీకు తెలియనిదా? నాగలి పెట్టని నేల. గుండ్లు, గడ్డి, ముళ్ళపొదలు, పల్లంలో ఒక కుంట. వానకాలంలో పొలాలన్నీ పైరుతో నిండి ఉన్నప్పుడు గొడ్డూ గోదా మేసేది అక్కడనే. పంట పండదు గనుక దానిని పనికిరాని భూమి అంటారు. కాని అక్కడ ఇంకిన వాన చుక్కే దిగువన మన బావిలో ఊరుతుంది.

హైదరాబాదుకు పడమట మాదాపూరు, రాయదుర్గం, కొండాపూరు, గచ్చిబౌలి అట్టి కంచలూ, గుండ్లూ, చెరువులూ ఉన్న ఊళ్ళే. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. మరి ఆ నేలను గురించి నిర్ణయం చెప్పవలసినది ఎవరు? ఈ ప్రశ్న కొత్తది కాదు. దీని కథ చెప్పాలంటే 1908వ సంవత్సరానికి పోవాలి.

ఆ యేడు మే నెలలో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ రాష్ట్రాల గవర్నర్లనందరినీ పిలిచి, అడవులు, నీరు, మట్టి ఎట్లా కాపాడుకోవాలని సభ జరిపాడు. అదే యేడు సెప్టెంబరు 28న మన మూసీ పొంగింది. ఎగువన చెరువులు తెగి, వేలకొలది జనం కొట్టుకుపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలించి, నగరానికి ఎగువన వరదనీటిని ఆపే జలాశయాలు కట్టాలన్నారు. ఆ విధంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. అక్కడ సభ, ఇక్కడ వరద. పాఠం మాత్రం ఒకటే: ఎగువ నేలను మరచిన ఊరు దిగువన మునుగుతుంది.

ఇప్పుడు ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. పేరు లిబర్టీ హైడ్ బెయిలీ. మిషిగన్ రాష్ట్రంలో పండ్లతోటల రైతు బిడ్డ. కార్నెల్ విశ్వవిద్యాలయంలో తోటల శాస్త్రం చెప్పేవాడు. 1890 దశకంలో న్యూయార్కు పల్లెల్లో ధరలు పడిపోయి, కుర్రవాళ్ళు పొలాలు వదిలి పట్నం దారి పట్టారు. ప్రభుత్వం కొంత సొమ్మిచ్చి రైతులకు ఏదైనా చేయమన్నది. బెయిలీ బృందం రైతుకు సలహాలు చెప్పి ఊరుకోలేదు, బడిపిల్లల దగ్గరికి కూడా వెళ్ళింది. చిన్న చిన్న కరపత్రాలు వేసి పల్లెటూరి పంతుళ్ళకు పంపారు. పుస్తకం మూసి, బడి వెనక ఉన్న మొక్కను, పురుగును, వాగును చూపించండి అన్నారు. ఆ పనిలో ముందు నిలిచిన అన్నా కామ్‌స్టాక్ అనే ఆమె 1911లో పంతుళ్ళ కోసం పెద్ద గ్రంథమే వ్రాసింది.

ఇందులో ప్రజాస్వామ్యం ఎక్కడున్నదంటారా? తన నేలను కళ్ళతో చూసి తెలుసుకున్నవాడే దాని గురించి సభలో లేచి మాట్లాడగలడు. తెలియనివాడు పెద్దలు చెప్పినదానికి తల ఊపుతాడు. 1908లోనే రూజ్‌వెల్ట్ గ్రామజీవనంపై ఒక సంఘం వేసి బెయిలీని అధ్యక్షుడిని చేశాడు. ఆ సంఘం 5 లక్షలకు పైగా ప్రశ్నపత్రాలు పల్లెలకు పంపింది. లక్షకు పైగా జవాబులు వచ్చాయి. ఆ నివేదిక అచ్చు వేయడానికి అక్కడి కాంగ్రెసు డబ్బివ్వలేదు. అయినా ఆ ఆలోచన ఊరికే పోలేదు. 1914లో వ్యవసాయ విస్తరణ చట్టం వచ్చింది. మన దేశంలో 1953 అక్టోబరు 2న మొదలైన జాతీయ విస్తరణ సేవలోనూ ఆ ఆలోచన ఛాయలు కనబడతాయి.

మంచి చెప్పినప్పుడు లోటు కూడా చెప్పాలి. 1872లో యెల్లోస్టోన్‌ను ప్రజలందరి ఉద్యానవనం అని చట్టం చేశారు. తరతరాలుగా అక్కడ బ్రతికిన షొషోనీ మొదలైన తెగలను మాత్రం బయటకు నెట్టారు. ‘ప్రజలు’ అన్న మాటలో వాళ్ళు లెక్కకు రాలేదు.

ఆ లోటు మనకు లేదా? 1996లో జీ.ఓ. 111 వచ్చింది. జంట జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాలలో ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు రాకుండా కట్టడి చేసింది. నీటికోసం మంచి పనే. కాని ఆ వైపు రైతు ఒకాయన నన్ను అడిగాడు: “సారూ, పట్నపోళ్ళు మంచినీళ్ళు తాగాలె, నిజమే. దానికోసం పక్క ఊరిలో కోట్లు పలికే భూమి మా ఊరిలో ఎందుకు పలకొద్దు? నష్టం మా ఒక్కరిదేనా?” నాకు వెంటనే జవాబు తోచలేదు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలిస్తూ మరో ఉత్తర్వు ఇచ్చింది. ఆంక్ష పెట్టినప్పుడు రైతుకు ఇంత పరిహారం అని నిర్ణయించి ఉంటే, నీటికీ రైతుకూ మధ్య ఈ తగవు ఇంత ముదిరేది కాదని నా అభిప్రాయం. కాపాడే భారం అందరూ పంచుకోవాలి.

ఇక కంచ గచ్చిబౌలి. 1974లో స్థాపించిన హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆనుకొని 400 ఎకరాలున్నాయి. భూమి మాది, రికార్డులో అడవి కాదు, ఐ.టి. సంస్థలు వస్తే ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం వాదన. 2025 మార్చి చివర యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డు నిలిచారు. వాళ్ళ చేతిలో ఉన్నది ఏమిటి? ఏళ్ళ తరబడి ఆ ప్రాంతంలో తిరిగి వ్రాసుకొన్న పిట్టల పేర్లు, నక్షత్ర తాబేళ్ళ, చుక్కల దుప్పుల ఫొటోలు. రికార్డులో పేరు ఏదైనా అడవి లక్షణమున్న నేల అడవే అని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పి ఉన్నది. 2025 ఏప్రిల్ 3న అదే కోర్టు ఆ పనులన్నీ ఆపించింది. ఏప్రిల్ 16న, చెట్లు కొట్టిన నూరెకరాలను ఎట్లా పూర్వస్థితికి తెస్తారో చెప్పమని ప్రభుత్వాన్ని అడిగింది. బెయిలీ కోరిన చదువు ఇదే గదా! చూసినవాడు చెప్పగలిగాడు.

మరి మనమేం చేయాలి? 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊరి చెట్టు, చేప, విత్తనం, మందుమొక్క అన్నీ వ్రాసి ఒక ప్రజా రిజిస్టరు తయారు చేయాలి. మీ ఊరి రిజిస్టరు ఎక్కడున్నదో పోయి అడగండి. బీరువాలో ఉంటే బయటికి తీయించండి. గొర్ల కాపరినీ, చేపలు పట్టేవారినీ, కలుపు తీసే ఆడవాళ్ళనూ కూర్చోబెట్టి మళ్ళీ వ్రాయించండి. యెల్లోస్టోన్‌లో జరిగిన పొరపాటు మన ఊరిలో జరగకూడదు. విస్తరణ కార్యకర్తలు నెలకొక పూట బడిపిల్లలను చెరువు కట్ట మీదికి తీసుకొనిపోవాలి. నేను ఒకసారి తీసుకొనిపోతే, తూము దగ్గర పూడిక చూసి ఒక పిల్ల, “నీళ్ళు ఎట్ల పోతయి సార్?” అని అడిగింది. అదే ప్రశ్న రేపు గ్రామసభలో అడుగుతుంది. ఆ రోజు జవాబు చెప్పడానికి మనం సిద్ధంగా ఉండాలి.

మీ ఊరి కంచ ఎన్ని ఎకరాలో, ఎవరి పేర ఉన్నదో, అక్కడ ఏమేమి ఉన్నవో ఈ వారంలోనే తెలుసుకోండి.