దత్తమండలాల శాంతి: వొక పరిశీలన

రాయలసీమకు ఆ పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. అంతకుముందు మనది దత్తమండలం. ఇచ్చినవాడు నైజాం, పుచ్చుకొన్నది కంపెనీ. 1800 అక్టోబరులో కుదిరిన వొప్పందం ప్రకారం, తన రాజ్యంలో కాపున్న కంపెనీ సైన్యపు ఖర్చుకింద నైజాం యీ భూములను వదులుకొన్నాడు. అంటే మన తాతలు వొక సైన్యానికి జీతంగా చెల్లిపోయారన్నమాట.

1799లో టిప్పు పతనంతో మైసూరు సేనలు గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు వైపులనుంచి తొలగిపోయాయి. వచ్చిన నైజాం అధికారం యేడాదికి మించి నిలవలేదు. మిగిలింది సుమారు 80మంది పాళెగాండ్రు, వారి వెంట 30,000 ఆయుధపాణులు. రైతు వొకరికి శిస్తు కట్టి రశీదు చేతబట్టుకొంటే, మరొకడు వచ్చి మళ్లీ అడిగేవాడు.

యీ స్థితిలో థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా వున్నాడు. జనరల్ క్యాంబెల్ సేనలు కోటలు పట్టగా, మన్రో డేరా వేసుకొని గ్రామాలు తిరిగాడు. దోపిళ్లు తగ్గాయి, దాన్ని నేను కాదనను. సీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. తిరుమలలో నైవేద్యపు గంగాళం మన్రో పేరిట వున్నది. మన విద్యార్థులు ఆ గంగాళం దగ్గరే ఆగిపోతారు. మరికొందరు పాళెగాండ్రందరినీ స్వాతంత్ర్యవీరులుగా యెంచి తృప్తిపడతారు. రైతు యిద్దరికీ కనిపించడు.

పాళెగాండ్రందరికీ వొకే గతి పట్టలేదు. ఆర్కాటు నవాబు రాజ్యం 1801లో కంపెనీ వశమైనప్పుడు చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి కూడా చేతులు మారాయి. వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరం వంటి పెద్ద సంస్థానాలకు 1802లో శాశ్వత సన్నదులు దొరికాయి. వారు చేయవలసిన సైనికసేవ రద్దయి, దానికి బదులు పేష్కషు పెరిగింది. కత్తి దించినవాడు జమీందారయ్యాడు. కల్లూరు, పులిచెర్ల, నరగంటి వంటి చిన్న పాళెములున్న చిత్తూరు పడమటి సీమలో మాత్రం 1804లో తిరుగుబాటు రేగింది. కంపెనీ దండ్లు అడవులు గాలించి దాన్ని అణచివేశాయి. పెద్దవాడితో బేరం, చిన్నవాడితో యుద్ధం!

ఇక శిస్తు సంగతి. దత్తమండలాల్లో అది పంటలో నూటికి సుమారు 45 పాళ్లు. ఇది మోయరాని బరువని మన్రోకే తెలుసు. నాలుగోవంతు తగ్గించాలని 1807లో ఆయనే రాశాడు. పైవారు వినలేదు. వినకపోగా రైతువారీని పక్కనబెట్టి, గ్రామాలను మొత్తంగా కౌలుకిచ్చారు. మూడేళ్ల కౌలు, ఆపైన పదేళ్ల కౌలు. మన్రో గవర్నరుగా తిరిగివచ్చిన 1820లోగాని ఆ తగ్గింపు అమలు కాలేదు. కోటలు పట్టటానికి చాలిన డబ్బు శిస్తు తగ్గించటానికి పదమూడేళ్లు చాలలేదు.

యిది మన సీమకే పరిమితమైన కథ కాదు. అఫ్ఘనిస్తాన్‌నుంచి 1989 ఫిబ్రవరిలో సోవియట్ సేనలు వెళ్లిపోయినా నజీబుల్లా ప్రభుత్వం మూడేళ్లు నిలిచింది. మాస్కో సాయం ఆగిన కొద్దినెలలకే, 1992 ఏప్రిల్‌లో కూలింది. 2021 ఆగస్టులోనైతే చివరి అమెరికా సైనికుడు విమానం యెక్కకముందే కాబూల్ ప్రభుత్వం పడిపోయింది. సిపాయి జీతం పరదేశపు ఖజానానుంచి వచ్చినంతకాలం ఆ ప్రభుత్వానికి తన రైతుతో లెక్క సరిచూసుకొనే అగత్యం రాదు. కంపెనీ మార్గం వేరు. అది తన సిపాయి జీతాన్ని యిక్కడి రైతునుంచే రాబట్టింది. అందుకే నిలిచింది, అందుకే యిక్కడి శాంతి అంత ఖరీదయింది.

ఆయుధాలు దించిన ఆ వేలాది బంట్రోతుల్లో కట్టుబడి మాన్యాలే ఆధారంగా బతికినవారు చాలామంది. తరువాతి కాలంలో సర్కారు ఆ మాన్యాలకూ యెసరుపెట్టింది. 1846లో కోయిలకుంట్ల ప్రాంతంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో యీ కట్టుబడివారున్నారు. నరసింహారెడ్డికి సర్కారు యిస్తున్న భరణం నెలకు 11 రూపాయల చిల్లర. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీశారు. అప్పటికి దత్తమండలాలు శాంతించి నలభై యేళ్లయిందని సర్కారు లెక్క.