ఏడో నంబరు రోడ్డు మీద వీరాస్వామయ్య

కర్నూలు నుంచి నాగపూరు, జబల్‌పూరు మీదుగా కాశీ దాకా లారీ తోలినవాణ్ణి. ఇప్పుడు నంబర్లు మార్చేశారు గానీ మాకు అదెప్పటికీ ఏడో నంబరు రోడ్డే. కన్యాకుమారి నుంచి వారణాసి వరకు, ఆ రోజుల్లో దేశంలోకెల్లా పొడవైన జాతీయ రహదారి. స్టీరింగు వదిలి ఇంటిపట్టున కూర్చున్నాక ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ చదివితే, హైదరాబాదు దాటినప్పటి నుంచీ దారి నాకు తెలిసిందే అనిపించింది.

ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే మాటలు తర్జుమా చేసే ఉద్యోగి. 1830 మే 18న, మండుటెండల్లో, కుటుంబాన్నీ పరివారాన్నీ కలిపి దాదాపు నూరుమందితో బయల్దేరాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నిర్మల్, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ, కాశీ. తిరుగుదారిలో గయ, కలకత్తా, పూరీ, రాజమండ్రి. మళ్లీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. అప్పటికి రైలు లేదు. మద్రాసులో తొలి ప్రయాణికుల రైలు నడిచిందే 1856లో. కలరా, ఠగ్గులు, వంతెనల్లేని నదులు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న మాట ఊరికే పుట్టలేదు.

పుణ్యం కోసం ఆ పుస్తకం చదివేవాళ్లు చదువుకోవచ్చు. నేను చదివింది డ్రైవరు కళ్లతో. ఏ ఊళ్లో మంచినీళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, దిగడానికి చోటుందా, దారి రేగడా, ఇసకా, రాళ్లా, ఇవన్నీ మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయాడు. గుళ్ల గురించి ఎవరైనా రాస్తారు. బావినీళ్లు ఉప్పనా తీపా అని రాయడానికి దాహం వేసి ఉండాలి. మాలో పాత డ్రైవర్లు కొత్తవాడికి అప్పజెప్పేదీ ఇదే: ఫలానా డాబా దగ్గర నీళ్లు పట్టుకో, ఫలానా మలుపు దగ్గర రాత్రి ఆగొద్దు.

ఆయన ప్రయాణం పల్లకీలో. పల్లకీ అంటే బోయీలు. ముందు నడిచేవాడికి దారి కనిపిస్తుంది, వెనకవాడికి పల్లకీ తప్ప ఏమీ కనపడదు. అందుకే ముందువాడు రాయొచ్చిందనో గుంటొచ్చిందనో పదం పాడుతూనే చెబుతాడు, వెనకవాడు అడుగు సర్దుకుంటాడు. లోపల కూర్చున్న దొరగారికి అది ఉత్త పాట.

మా క్లీనర్లదీ అదే విద్య. రివర్సులో వెనక ఏముందో నాకు కనపడదు. వాడు బాడీ మీద అరచేత్తో ఒక్కటి చరిస్తే ఆపాలి, రెండు చరిస్తే పోవాలి. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్‌లో పూర్తి లోడుతో బండి మొరాయిస్తే, చేతిలో చెక్కమొద్దు పట్టుకుని చక్రం పక్కనే నడిచేవాడు. బండి వెనక్కి జారిందంటే మొద్దు టైరు కిందికి పోవాలి, చెయ్యి మాత్రం బయటికి రావాలి. పదహారేళ్ల పిల్లాడు! వాడి అరచేతి చప్పుడు మీద నమ్మకంతో నేను యాక్సిలరేటరు తొక్కేవాణ్ణి. ఎదుటిమనిషిని నమ్మడమంటే ఏమిటో నాకు ఏ పెద్దమనిషీ చెప్పలేదు, ఆ ఘాట్‌లోనే తెలిసింది.

వీరాస్వామయ్య దారి పొడుగునా రాసి పంపినవాటిని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె పోగుచేసి 1838లో అచ్చువేయించాడు. అప్పటికి రాసినాయన పోయి రెండేళ్లు. 1941లో దిగవల్లి వెంకటశివరావు పీఠికతో, వివరణలతో మళ్లీ వేయకపోతే నాబోటివాడి చేతికి అది వచ్చేదే కాదు. రాసిపెట్టే మనిషీ, దాచే స్నేహితుడూ, వెతికి తీసే పండితుడూ దొరికారు కాబట్టి పల్లకీలో కూర్చున్నాయన ప్రయాణం మిగిలింది. మోసినవాళ్లు చూసిన దారిని ఏ బోయీ రాయలేదు, రాయమని అడిగినవాళ్లూ లేరు.

మీ ఇంట్లోనో వీధిలోనో లారీ తోలినవాళ్లు, క్లీనరుగా తిరిగినవాళ్లు ఉంటే ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.