పాత కేసు, కొత్త నిఘంటువు

గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్ళయితే సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేయడమేగా అనుకుంటాం. చాలామందికి అంతే. కానీ కుర్రతనంలో ఎప్పుడో ఓ కేసులో ఇరుక్కున్నవాడికి ఎన్-400 ఫారం నింపడమంటే, తన పాత ఫైలు తనే తీసుకెళ్ళి సర్కారు వారి బల్ల మీద పెట్టడమే. పౌరసత్వం మాట దేవుడెరుగు, బహిష్కరణ నోటీసు రావచ్చు.

"మంచి నడవడి" షరతు 1790 నాటి మొదటి పౌరసత్వ చట్టంలోనే ఉంది. (తెల్లవాళ్ళకే పౌరసత్వం అన్నదీ అదే చట్టం, ఆ కథ వేరు.) 1988లో మాదకద్రవ్యాల మీద యుద్ధం జోరులో అమెరికన్ కాంగ్రెస్ "అగ్రవేటెడ్ ఫెలనీ" అనే మాట పుట్టించింది. అప్పుడందులో ఉన్నవి హత్య, మత్తుమందుల వ్యాపారం, ఆయుధాల అక్రమ వ్యాపారం. సరే, ఎవరూ కాదనరు. 1990 నవంబరు 29 నుంచి అలాంటి నేరం రుజువైతే ఇక జన్మలో పౌరసత్వం లేదన్నారు.

అసలు దెబ్బ 1996లో పడింది. దొంగతనం ఆ జాబితాలోకి రావాలంటే అంతకుముందు ఐదేళ్ళ శిక్ష పడాలి, దాన్ని ఏడాదికి దించారు. జడ్జిగారు ఏడాది శిక్ష వేసి, జైలుకి పోనక్కర్లేదు పొమ్మన్నా లెక్కే! పైగా పాత కేసులకీ కొత్త అర్థమే. పాత డేటా మీద కొత్త ప్రోగ్రాం నడిపినట్టన్నమాట.

సెయింట్ సిర్ అని హైతీ నుంచి వచ్చినాయన. 1986 నుంచీ గ్రీన్ కార్డుంది. 1996 మార్చిలో కనెక్టికట్‌లో మత్తుమందు అమ్మానని ఒప్పుకున్నాడు. అప్పటికి బహిష్కరణ మాఫీ చెయ్యమని అడుక్కునే దారి ఉండేది. ఏప్రిల్‌లో ఆ దారి మూసేశారు. 2001లో సుప్రీం కోర్టు 5-4 తేడాతో, పాత చట్టం ఉండగా నేరం ఒప్పుకున్నవాళ్ళకి ఆ దారి తెరిచే ఉందని చెప్పింది. అడిగే దారే సుమా, మాఫీ కాదు.

2010లో పడీయా కేసు. హోండురాస్‌లో పుట్టి, నలభై ఏళ్ళకి పైగా అమెరికాలో ఉండి, వియత్నాం యుద్ధంలో పనిచేసిన మనిషి. ఇన్నేళ్ళున్నావు, నీకేం కాదులే అన్నాడట వకీలు. నేరం ఒప్పుకుంటే బహిష్కరణ ముప్పుందని క్లయింటుకి చెప్పడం వకీలు బాధ్యతేనని కోర్టు తేల్చింది. మంచిదే. అయితే ఆ రక్షణ అప్పటికే ముగిసిపోయిన పాత కేసులకి వర్తించదని 2013లో అదే కోర్టు చెప్పింది. 1996 చట్టం మాత్రం వాటికి నిక్షేపంగా వర్తిస్తోంది.