బొట్టు పెట్టే చోట బొట్టు విషం

కిందటి వేసవిలో ఓ శుక్రవారం సాయంత్రం మా ఆవిడకి స్నేహితురాలి దగ్గర నుంచి ఫోను వచ్చింది. "వదినా, రేపు మా ఇంట్లో చిన్న పార్టీ. ఒకావిడ వచ్చి బొటాక్స్ ఇస్తుందిట. క్లినిక్‌లో అయ్యే ఖర్చులో సగం కూడా అవదు. మనవాళ్ళే, ఇండియాలో డాక్టరుట. నీ పేరు కూడా రాసెయ్యనా?"

మా ఆవిడ ఫోను పెట్టేసి అద్దం ముందు నిలబడింది. కనుబొమల మధ్య, సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట, రెండు నిలువు గీతలు. "ఇరవై ఏళ్ళ అమెరికా కాపురంలో నేను సంపాదించుకున్న ఆస్తి ఇదేనండీ," అంది నాకేసి చూసి. నవ్వాను గాని, ఆ రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని బొటాక్స్ పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను. ఇంజనీరుని కదా! ఏ వస్తువైనా ఎలా పనిచేస్తుందో, ఎలా చెడిపోతుందో తెలిస్తేగాని నిద్ర పట్టదు.

ఈ కథ మొదలయింది ఒక కవి దగ్గర. యుస్టినస్ కెర్నర్ జర్మనీలో పేరున్న కవి, వృత్తిరీత్యా వైద్యుడు. ఆయన ప్రాంతంలో పాడైన సాసేజీలు తిన్నవాళ్ళకి కనురెప్పలు వాలిపోయేవి, మింగుడు పడేది కాదు, చివరికి ఊపిరాడక చనిపోయేవారు. కెర్నర్ ఆ కేసులన్నీ పోగుచేసి 1820లోను, 1822లోను పుస్తకాలు రాశారు. ఆ విషాన్ని తన మీదే ప్రయోగించుకుని చూశారు. అంతటితో ఆగక, దీన్ని అతి తక్కువ మోతాదులో వాడితే అదుపు తప్పిన కండరాలకు మందుగా పనికిరావచ్చని కూడా ఊహించారు. విషానికి విషమే విరుగుడని మన పెద్దలు అన్నట్టే ఉంది కదూ? లాటిన్ భాషలో సాసేజిని బొటులస్ అంటారు. బొటాక్స్ పేరులో మిగిలింది ఆ సాసేజే.

1895 డిసెంబరులో బెల్జియంలో ఒక పల్లెటూళ్ళో అంత్యక్రియలకి వాయించడానికి వెళ్ళిన వాద్యబృందం అక్కడ పెట్టిన పందిమాంసం తిని జబ్బుపడింది. ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఆ మాంసంలోంచి గాలి లేని చోట పెరిగే ఒక సూక్ష్మజీవిని వేరుచేశారు. విషం తయారుచేసేది అదే.

అదే 1895లో మన భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. ఆయన 1927లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని ప్రకటించారు. కండరానికి శక్తి ఎక్కడిదన్న ప్రశ్నకి అదొక ముఖ్యమైన జవాబు. కాని కండరం కదలాలంటే శక్తి ఒక్కటే చాలదు, నాడి నుంచి ఆజ్ఞ కూడా అందాలి. ఆ ఆజ్ఞ మోసుకొచ్చే రసాయనం అసిటైల్‌కోలిన్. ఈ విషం నాడి చివర ఆ రసాయనం బయటికి రాకుండా అడ్డుపడుతుంది. ఇంధనం ఉన్నా ఆజ్ఞ లేక కండరం ఊరుకుంటుంది. నుదుటి కండరం ఊరుకుంటే గీత సడలుతుంది. ఊపిరి తీసే కండరం ఊరుకుంటే ప్రాణం పోతుంది. తేడా ఎంత మోతాదు, ఎక్కడ వేశారన్న దగ్గరే ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం మేరీలాండ్‌లో దీన్ని ఆయుధంగా పరిశీలించింది. అక్కడ దీన్ని శుద్ధి చేసిన ఎడ్వర్డ్ షాంట్జ్ దగ్గర నుంచే శాన్‌ఫ్రాన్సిస్కో కంటివైద్యుడు ఆలన్ స్కాట్ విషాన్ని తెప్పించుకున్నారు. మెల్లకన్నుకి ఆపరేషను లేకుండా వైద్యం చెయ్యాలని ఆయన తాపత్రయం. ముందు కోతుల మీద, తరవాత మనుషుల మీద ఏళ్ళ తరబడి పరీక్షించారు. 1989 డిసెంబరులో ఎఫ్.డి.ఏ. అనుమతి దొరికింది. 1991లో ఆలెర్గాన్ కంపెనీ ఆ మందుని కొనుక్కుంది. బొటాక్స్ అన్న పేరు ఆ తరవాత పెట్టినదే.

ముడతల సంగతి కనిపెట్టింది కెనడాలో, వాంకూవర్‌లో. 1987లో కంటివైద్యురాలు జీన్ కారుథర్స్ దగ్గరికి కనురెప్పలు అదిరే జబ్బుతో వచ్చే ఒకావిడ, నుదుటి మీద కూడా ఇంజక్షన్ ఇస్తే ముఖం ప్రశాంతంగా ఉంటోందని చెప్పింది. జీన్ ఆ మాట తన భర్త, చర్మవైద్యుడు ఆలస్టేర్ చెవిన వేశారు. 1992లో ఇద్దరూ కలిసి వ్యాసం ప్రచురించారు. బొట్టు పెట్టుకునే చోటి గీతలకి 2002 ఏప్రిల్‌లో ఎఫ్.డి.ఏ. అనుమతి ఇచ్చింది. ఆ చోటికి మోతాదు అయిదు పోట్లలో మొత్తం 20 యూనిట్లు. డిస్పోర్ట్ అనే మరో మందైతే అదే చోటికి 50. ఒకదాని లెక్క ఇంకొకదానికి పనికిరాదు.

ఇంతవరకు చదివాక మా ఆవిడ, "అయితే భయం లేదన్నమాట," అంది. అప్పుడు మిగతా సగం చదివి వినిపించాను.

2004లో ఫ్లోరిడాలో లైసెన్సు సస్పెండయిన ఒక వైద్యుడు, మనుషులకి వాడకూడదని రాసి ఉన్న ప్రయోగశాల విషాన్ని తెచ్చి ఇంజక్షన్లు ఇచ్చాడు. తనతో కలిపి నలుగురు పక్షవాతంతో ఆస్పత్రి పాలయ్యారు. 2023-24లో 11 రాష్ట్రాలలో 22 మందికి ఇలాంటి ఇంజక్షన్ల వల్లే జబ్బు చేసింది. వాళ్ళలో 11 మంది ఆస్పత్రిలో చేరారు. వాళ్ళంతా లైసెన్సు గాని, శిక్షణ గాని లేనివాళ్ళ చేతనో, ఇళ్ళల్లో, స్పాలలోనో వేయించుకున్నవాళ్ళు. కొన్నిచోట్ల నకిలీ సీసాలు కూడా దొరికాయి. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడడమంటే ఇదే. మందు కనిపెట్టినవాళ్ళు చుక్క చుక్కా లెక్కపెట్టుకుంటూ దశాబ్దాలు గడిపారు. ఆ లెక్క తెలియని చేతిలో పడితే అది మళ్ళీ కెర్నర్ నాటి సాసేజే.

పరాయి దేశంలో పన్నులు కట్టించేవాళ్ళ దగ్గర నుంచి పెళ్ళి భోజనాల దాకా "మనవాళ్ళే" అన్న ఒక్క మాట మీద నడిపించుకొచ్చాం. చాలాసార్లు అది మనల్ని కాపాడింది కూడా. ఇక్కడ మాత్రం ఆ మాట చాలదు. ఇండియాలో ఎంత పెద్ద డాక్టరయినా, ఇక్కడ సూది పట్టాలంటే ఆ రాష్ట్రం లైసెన్సు ఉండాలి. నర్సులు ఇచ్చేచోట ఏ డాక్టరు బాధ్యత వహిస్తున్నారో రాష్ట్రాన్నిబట్టి నియమాలు మారతాయి, అడిగి తెలుసుకోవాలి. లైసెన్సు ఉందో లేదో, ఏమైనా చర్యలు తీసుకున్నారో రాష్ట్ర మెడికల్ బోర్డు దగ్గర పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. చర్మవైద్యంలోనో, ప్లాస్టిక్ సర్జరీలోనో బోర్డు సర్టిఫికెట్ ఉంటే మరీ మంచిది. సీసా మన కళ్ళముందు చూపించమనాలి. ఏ మందు, ఎన్ని యూనిట్లు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, నాడీకండరాల జబ్బులున్నవాళ్ళు ముందే చెప్పాలి. మంచి చేతిలో కూడా ఒక్కోసారి కనురెప్ప కొన్ని వారాలు వాలవచ్చు. వేయించుకున్న తరవాత మింగడం, మాట్లాడడం, ఊపిరి కష్టమైతే తెల్లారేదాకా ఆగకుండా 911కి ఫోను చెయ్యాలి.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ స్నేహితురాలికి ఫోను చేసి మూడే ప్రశ్నలు అడిగింది: ఆవిడకి ఈ రాష్ట్రం లైసెన్సు ఉందా? సీసా ఎక్కడిది? ఏమైనా అయితే ఎవరికి ఫోను చెయ్యాలి? అవతల కాసేపు నిశ్శబ్దం. "కనుక్కుని చెప్తాను వదినా," అంది ఆవిడ. సాయంత్రానికి పార్టీ టీ, మిరపకాయ బజ్జీలతో సరిపోయింది.

నెల తరవాత మా ఆవిడ ఒక చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్ళి, అన్నీ అడిగి తెలుసుకుని వచ్చింది. వేయించుకోవాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆ నిర్ణయం ఆవిడది. అడగవలసినవి మాత్రం అడిగింది.