మూడు కార్ల కాలం

రాయవేలూరులోగాని, గుడియాత్తంలోగాని పాతకాలం డ్రైవర్లను కదిపి చూడండి. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ – ఏ కారుకు ఏ జబ్బో గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అందులో హెరాల్డ్ మనకు దగ్గరి బండి. 1961 నుంచి మద్రాసు స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది.

వేలూరు ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా? ఆ ఎండకు ఇంజను వేడి తోడై, పంపులోకి రాకముందే పెట్రోలు ఆవిరయ్యేది. ఆవిరిని పంపు లాగలేదు. కారు నడిరోడ్డుమీద ఆగేది. డ్రైవరు పంపుకు తడిగుడ్డ చుట్టి, అది చల్లారేదాకా చెట్టునీడన కూర్చునేవాడు. చిత్తూరు నుంచి సి.ఎం.సి. ఆసుపత్రికి రోగిని తెస్తున్న ఇంటివాళ్లకు ఆ కాసేపు ఎలా గడిచేదో ఊహించండి.

అంబాసిడర్, ఫియట్‌లలో గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. దాని కీళ్లు అరిగితే గేరు ఇరుక్కునేది. బానెట్ ఎత్తి చేత్తో విడదీయాలి. హెరాల్డ్‌కు వేరే చిక్కు. వెనక ఇరుసు రెండు ముక్కలుగా ఊగేది కనుక, మలుపులో జోరుగా తిప్పితే చక్రం లోపలికి మడుచుకునేది. ఇది మాత్రం నవ్వుకునే లోపం కాదు.

మరి జనం ఎందుకు కొన్నారంటే, వేరే కారు దొరకదు. విదేశీ కార్ల దిగుమతికి తలుపులు మూసి, తయారీకి లైసెన్సులు పెట్టారు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకోవాలి. అందుకే వాడిన కారు కొత్తదానికంటే ఎక్కువ పలికిన రోజులున్నాయి! వరుసలో జనం ఉండగా లోపం దిద్దాలన్న తొందర ఏ కంపెనీకి ఉంటుంది?

ఫిర్యాదులు ఢిల్లీదాకా వెళ్లాయి. కార్ల నాణ్యత విచారణకు 1967లో కేంద్రం జి. పాండే అధ్యక్షతన కమిటీ వేసింది. 1969లో ధరలు తానే నిర్ణయించింది. కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. అక్కడ నలిగింది ముఖ్యంగా ధర సంగతే, తడిగుడ్డ సంగతి కాదు. కొన్నవాడు తేలిగ్గా మొరపెట్టుకునే చోటు 1986 వినియోగదారుల రక్షణ చట్టంతో గాని రాలేదు. అప్పటికి, 1983 చివర్లోనే, మారుతి వచ్చేసింది. స్టాండర్డ్ వారి కార్ల తయారీ 1988లో ఆగింది. అంబాసిడర్ 2014 దాకా లాగింది.

ఏ కొట్టంలోనో మిగిలిన పాత బండిని మీరు సరదాపడి కొనబోతే, ముందు కాళ్లకింద చాప ఎత్తి రేకు చూడండి, తుప్పు అక్కడ దాక్కుంటుంది. చిత్తూరు నంబరు బండి అయితే, అక్కడి ఆర్.టి.ఓ. ఇచ్చే నిరభ్యంతర పత్రం చేతికొచ్చాకే డబ్బు లెక్కపెట్టండి.