సున్నం పూత నుంచి జోజిలా మంచు దాకా

తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. సంగారెడ్డి జిల్లా రాయికోడ్ పత్తిచేల మీద చలికాలం పొద్దున కమ్ముకునేదీ మంచే, ఆకు కొసన బొట్టుగా నిలిచేదీ మంచే, హిమాలయాల్లో మోకాటిలోతున పేరుకునేదీ మంచే. మొదటి రెండూ మనం రోజూ చూసేవి, మూడోది మంజీర పరీవాహకంలో ఎన్నడూ పడనిది. అందుకే మంచులో కూరుకుపోయిన యుద్ధ ట్యాంకును చిన్న నమూనాగా చేసి, చుట్టూ నేలనూ చెట్లనూ మనుషులనూ అమర్చి బల్ల మీద చూపే డయోరమా కళ మనకు పరాయిదని చాలామంది అనుకుంటారు. ఆ కళ పుట్టుపూర్వోత్తరాలు తరచి చూస్తే ఈ మాట నిలవదు. దానికి కావలసిన పనితనం మన బొమ్మల కళాకారుల చేతుల్లో ఎప్పటినుంచో ఉంది. చూపవలసిన కథ కూడా మన చరిత్రలోనే ఉంది.

డయోరమా అన్న పేరు పారిస్‌లో పుట్టింది. 1822లో లూయీ డాగెర్, షార్ల్ బూతోన్ అనే చిత్రకారులు పలచటి బట్ట మీద పెద్ద పెద్ద దృశ్యాలు గీసి, ముందు నుంచీ వెనక నుంచీ వెలుగు మారుస్తూ పగలు రాత్రయినట్టు చూపించారు. ఆ ప్రదర్శనకు పెట్టిన పేరే తర్వాత బొమ్మలతో కూర్చిన దృశ్యాలకూ స్థిరపడింది. యుద్ధదృశ్యాల విషయానికొస్తే, ఇంగ్లండుకు చెందిన సైనికాధికారి విలియం సైబోర్న్ వాటర్లూ యుద్ధభూమిని వేలకు వేల తగరపు బొమ్మలతో నిర్మించి 1838లో లండన్‌లో ప్రదర్శించాడు. అందుకోసం ఆ నేల మీదే నెలల తరబడి ఉండి కొలతలు తీశాడు, యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి ఎవరు ఎక్కడున్నారో అడిగి తెలుసుకున్నాడు. ప్రష్యా సేనలను అంత ప్రముఖంగా చూపడం వెల్లింగ్టన్ పక్షానికి నచ్చక పెద్ద వివాదమే నడిచింది. బొమ్మలు నిలబెట్టిన చోటు గురించి అంత గొడవ జరిగిందంటే డయోరమాను ఆటవస్తువుగా కాక సాక్ష్యంగా చూశారన్నమాట. ఈ కళకు అసలు విలువ అక్కడే ఉంది.

ట్యాంకుల నమూనాలు ఇంటింటికీ చేరడానికి కారణం జపాన్‌లోని షిజుఒకా పట్టణం. కలప వ్యాపారంతో మొదలైన తమియా సంస్థ 1960ల తొలినాళ్లలో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్టును తెచ్చింది. లోపల రెండు బ్యాటరీలు పట్టేంత పరిమాణంలో చేస్తే, అది అసలు ట్యాంకులో సుమారు 35వ వంతుగా తేలింది. ఆ లెక్కే తర్వాత ప్రపంచమంతటా ప్రమాణమైపోయింది. ఈ కిట్టును కూర్చే వరస చూడండి: విడి భాగాలు సాపు చేయాలి, జిగురుతో అతకాలి, అతుకుల సందులు పుట్టీతో పూడ్చాలి, ప్రైమర్ పూయాలి, ఆపైన రంగులు వేయాలి. కొండపల్లి కళాకారుడి వరసా ఇదే. తెల్ల పొణికి కర్రతో ఒళ్లూ చేతులూ విడివిడిగా చెక్కుతాడు. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటిని అతికి నునుపు చేస్తాడు. సున్నం పూసి ఆరనిచ్చి, ఆ తెలుపు మీద రంగులు దిద్దుతాడు. ప్లాస్టిక్ వచ్చి కర్ర పోయింది గానీ చెయ్యి చేసే పని మారలేదు.

బొమ్మల కొలువును కూడా ఈ వంశవృక్షంలో చేర్చవచ్చా అన్నది న్యాయమైన ప్రశ్న. కొలువు భక్తితో పెట్టేది, మెట్ల మీద వరస తీర్చేది. అందులో దేవుడి పక్కన చెట్టియారు బొమ్మ ఉన్నా ఎవరూ తప్పు పట్టరు, ఏనుగు కన్నా చిలుక పెద్దదైనా అడగరు. డయోరమాలో కొలత తప్పితే అంతా తప్పినట్టే. ఈ తేడా నిజమైనదే, కాదనను. కానీ మెట్ల కింద నేల మీద ఏం జరుగుతుందో గమనించాలి. అద్దం ముక్క చెరువవుతుంది, చుట్టూ ఇసుక గట్టవుతుంది, మొలకెత్తిన ఆవాలు పచ్చటి చేనవుతాయి. ఉన్న వస్తువును లేని నేలగా నమ్మించే ఈ నేర్పే డయోరమాకు ప్రాణం. కొలత నేర్చుకుంటే వస్తుంది. ఈ చూపు అలవడటమే కష్టం, అది మన పిల్లలకు ఇంట్లోనే అలవడుతోంది.

ఇక మంచు సంగతి. చూడని మంచును ఎలా చేస్తారన్న అనుమానానికి జవాబు లెక్కలో ఉంది. 35వ వంతులో అడుగు మందాన పడిన మంచు తొమ్మిది మిల్లీమీటర్లకు మించదు. తెల్లగా ఉంది కదా అని ఉప్పు చల్లితే ఒక్కో పలుకూ వడగల్లంత కనిపిస్తుంది. వంటసోడా చల్లితే మొదట ముచ్చటగానే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. అందుకే అనుభవజ్ఞులు మెత్తటి చలవరాతి పొడినో, సన్నటి గాజుబుడగల పొడినో తెల్లజిగురులో, తెల్లరంగులో కలిపి పూస్తారు. ట్యాంకు మీది తెలుపు వేరే విద్య. రెండో ప్రపంచయుద్ధంలో తూర్పు రంగాన చలికాలం రాగానే ట్యాంకులకు సుద్ద, సున్నం కలిపిన కడిగితే పోయే తెల్లపూత పూసేవారు. సైనికులు ఎక్కి దిగే చోటా, చేతులు ఆనే మూత అంచుల దగ్గరా అది అరిగి, కింది ఆకుపచ్చో బూడిదరంగో బయటపడేది. సున్నం కొట్టిన అరుగు మీద మనుషులు కూర్చునేచోట పూత ఎలా వెలిసిపోతుందో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కథ కోసం ఆర్డెన్స్ అడవులకూ మాస్కో పొలిమేరలకూ వెళ్లనవసరం లేదు. కశ్మీర్ కోసం పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, 1948 నవంబరు 1న సముద్రమట్టానికి 11,575 అడుగుల ఎత్తున్న జోజిలా కనుమలోకి జనరల్ తిమ్మయ్య ఆధ్వర్యంలోని సేన స్టూవర్ట్ ట్యాంకులను నడిపించింది. అంత ఎత్తున ట్యాంకులు యుద్ధం చేయడం అదే మొదలు. ఎదుటివారికి ఆనవాలు చిక్కకుండా పైనున్న ఫిరంగి గోపురాలు విప్పేసి, కప్పిపెట్టి, రహస్యంగా కనుమ కిందికి చేర్చారు. నడిపింది ఏడో అశ్విక దళం, దాని మూలాలు పాత మద్రాసు అశ్వికదళంలో ఉన్నాయి. బల్తాల్ నుంచి కనుమకు ఉన్న కంచరగాడిదల బాటను ట్యాంకు పట్టేంత వెడల్పు చేసినవారు మద్రాస్ సాపర్లు, అంటే తెలుగువారితో సహా దక్షిణాది నుంచి చేరిన సైనిక ఇంజనీర్ల దళం. ఆ నెలలోనే ద్రాస్, కార్గిల్ చేజిక్కాయి. రాయికోడ్ ఉన్న సంగారెడ్డి జిల్లాకు ఈ మంచుతో నేటికీ బంధముంది. అక్కడి ఎద్దుమైలారం కర్మాగారంలో తయారయ్యే శరత్ అనే బీఎంపీ-2 వాహనాలు ట్యాంకులతో పాటు 2020లో తూర్పు లద్దాఖ్ చలిలోకి వెళ్లిన రకానివే. మంచు పడని నేల మీద చేసిన బండి మంచులో నిలబడింది. దాని నమూనా 35వ వంతులో 19 సెంటీమీటర్లు, జానెడుకు కాస్త తక్కువ.

యుద్ధాన్ని ముద్దుగా చూపడం తప్పు కాదా అని అడిగేవారికి గట్టి కారణమే ఉంది. మెరిసే ట్యాంకును మాత్రమే చూపే బొమ్మ యుద్ధాన్ని అబద్ధం చేస్తుంది. దానికి విరుగుడు డయోరమా మానేయడం కాదు, ఏ క్షణాన్ని చూపాలో ఎంచుకోవడం. జోజిలాను చేయబూనితే కాల్పుల క్షణం కన్నా ముందటి రోజులు తీసుకోవాలి. గోపురం లేని ట్యాంకు కప్పు కింద వెనకాల ఆగి ఉంటుంది. ముందు అయిదు సెంటీమీటర్ల ఎత్తు మనిషి, చేతిలో నాలుగు సెంటీమీటర్ల గడ్డపార, కాళ్ల దగ్గర తొక్కుడు పడి మట్టి కలిసిన మంచు. చూసినవారి కన్ను మొదట ఆ మనిషి మీద పడి, తర్వాత ట్యాంకు మీదికి వెళ్లాలి. బాట లేకపోతే బండి లేదని ఆ వరసే చెబుతుంది.